బాపు రక్తంలో రెండు కాపీలు

మా బాపు రాయమల్లు ముప్పై ఏళ్లుగా బొగ్గుబావిలో దిగుతున్నాడు. పోయిన నెల షిఫ్టు అయిపోయి పైకొచ్చాక, తలకు పెట్టుకునే లైటు వాపసు ఇవ్వకుండా నేరుగా ఇంటికొచ్చేశాడు. లైటు రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. పాపం, కిందంతా గంటన్నర వెతికారు. ఈయనేమో ఆ లైటు పక్కన పెట్టుకుని పచ్చిపులుసుతో అన్నం తింటున్నాడు.

గోదావరిఖనిలో ఎవరికి చెప్పినా నవ్వడమే. "మంచిగ యాక్టింగ్ చేస్తుండు మీ బాపు! అన్‌ఫిట్ అయితే నౌకరి నీకే గదా యమునా" అన్నారు. ఒళ్లు మండిపోయింది. కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే ఆ ఉద్యోగం కూతురినైన నాకొచ్చే మాట నిజమే. కానీ రేపు ఆయన లోపల దారే మరిచిపోతే? ఆయన మళ్లీ కిందికి దిగకూడదు, నాకు కావలసింది అంతే. అది ఎవడి బుర్రకూ ఎక్కలేదు.

హైదరాబాద్‌లో ప్రసూన అనే డాక్టరమ్మకు చూపించాం. అల్జీమర్స్ మొదలైనట్టు అనుమానంగా ఉందని జన్యుపరీక్ష చేయించింది. ముప్పు పెంచే రకం జన్యువు బాపుకు రెండు కాపీలున్నాయట, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.

"ఇది ముప్పు ఎక్కువని చెబుతుందంతే, జబ్బు ఉందని కాదమ్మా. బోర్డుకు కావలసింది ఈయన రోజూ ఏమేం మరిచిపోతున్నారో. అవి రాసి, చూసినవాళ్లతో సంతకాలు పెట్టించండి" అందామె. పిల్లలకు అందులో ఒక కాపీ ఖాయంగా వస్తుందని కూడా చెప్పింది. నేను విననట్టే ఊరుకున్నాను.

సంతకాల కోసం ఎవరింటికీ పోలేదు. నవ్వినవాళ్ల గడపే మళ్లీ తొక్కాలా? పైగా మా సదయ్య కాక ఉన్నాడుగా! నడుంనొప్పని అన్‌ఫిట్ అయి, ఇప్పుడు గ్యాసుబండను భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కే మహానుభావుడు.

"రక్తంల రాసున్నదంటే ఇంకేం గావాలె బిడ్డా? గా కాగితం సాలు. ఇగ ఏమడిగినా తెల్వదు అనుమను" అన్నాడు.

మూడు రోజులు నేర్పించాను. నేర్పిన ప్రతిసారీ బాపు బుద్ధిగా తలూపాడు.

బోర్డులో పెద్ద డాక్టరు ఆ రిపోర్టు చదివి పక్కన పెట్టేశాడు. "ఇది ఉన్నా జబ్బు రానివాళ్లున్నారు, లేకపోయినా వచ్చినవాళ్లున్నారు" అని బాపు వైపు తిరిగాడు. "ఏ సంవత్సరం జాయినయ్యారు?"

బాపు నిటారుగా కూర్చున్నాడు. సంవత్సరం చెప్పాడు. బావి పేరు, టోకెన్ నంబరు, మొదటిరోజు వెంట దిగినవాళ్ల పేర్లు గడగడా అప్పజెప్పాడు. తెల్వదని చెప్పు బాపూ అని కళ్లతో ఎంత మొత్తుకున్నా లాభం లేదు. తెల్వదు అనాలన్న సంగతే మరిచిపోయాడు! సదయ్య కాకకు జబ్బు లేదు కాబట్టి నేర్పింది గుర్తుంది. నిజంగా జబ్బున్నవాడికి నేర్పిన నా తెలివి మండిపోను.

"సార్, పాతయి గాదు, పొద్దుగాల ఏం తిన్నడో అడుగుండ్రి!" అని లేచాను.

పక్కనున్న క్లర్కు రిపోర్టు మీద వేలు పెట్టాడు. "ఇందుల ఒక కాపీ నీకూ ఉన్నట్టే గదమ్మా? మరి నౌకరి నీకెట్లిస్తరు?"

నా గురించి నాకు భయమేసింది అప్పుడే. ఈలోగా డాక్టరు ఫిట్ అని రాసి సంతకం పెట్టేశాడు.

"పాసైన బిడ్డా!" అంటూ బాపు బయటికొచ్చాడు. ఆటో ఎక్కించాను. నాలుగు వీధులు దాటాయో లేదో, తువ్వాలతో మొహం తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"యమునా, బోర్డుకు ఎప్పుడు పోవాలె? నాకు ఫికరైతుంది."

"అయిపోయింది బాపూ."

"అయిపోయిందా? ఏమన్నరు?"

"ఫిట్ అన్నరు."

"పాసైన్నా!" అని ఆయన మళ్లీ మొదటినుంచీ సంబరపడ్డాడు. "అయితే రేపు ఫస్ట్ షిఫ్టే. జల్ది లేపు బిడ్డా."