ప్రార్థన విన్నపం అడుగున

మా మావయ్య సత్యరాజు రిటైరైన హెడ్మాస్టరు, మా చర్చి సంఘంలో పెద్ద. అనకాపల్లి మెయిన్ రోడ్డులో నేను నెట్ సెంటర్ తెరిచినప్పుడు అందరికంటే ముందు మెయిల్ ఐడీ తీయించుకున్నది ఆయనే. అది నా ప్రాణానికొచ్చింది. శనివారం వస్తే చాలు, "ఒరే రూఫస్, పంపరా" అంటూ కుర్చీ లాక్కునేవాడు. "ఈ ప్రార్థన పదిమందికి పంపండి, వారంలోగా మేలు జరుగును" అనే రకం ఉత్తరాలు ఎక్కడెక్కడివో పోగేసేవాడు. వాటిని సంఘంలో ఐడీ ఉన్నవాళ్ళందరికీ, విశాఖలో చుట్టాలకీ, మస్కట్‌లో నర్సుగా పనిచేస్తున్న కూతురు రోజలిన్‌కీ ఒకే దెబ్బలో పంపించేవాడు.

ఇంటి కబుర్లు కూడా ఆ ఉత్తరం అడుగునే రాయించేవాడు. మావాళ్ళకి ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా చర్చిలో లేచి నిలబడి విన్నపం చెప్పుకోవడం అలవాటు. అందరూ వినాలి, అందరూ ప్రార్థించాలి. మెయిలూ అలాంటిదే అనుకున్నాడు.

"రోజలిన్ వదినకి విడిగా రాద్దాం మావయ్యా" అన్నాను ఒకసారి.

"సంఘానికి తెలీకూడని రహస్యాలేటున్నాయిరా మనకి?" అని కసిరాడు. పెద్దాయనతో ఎవడు వాదిస్తాడు?

రెండువేల ఐదు వేసవిలో ఆయన భార్య, మా తబితా అత్తకి కాళ్ళు వాచాయి. ఆ వారం నుంచి అత్త చెప్పి పంపిన మాటలు కూడా ప్రార్థన కింద చేరాయి. "రోజమ్మా, కాళ్ళు వాసిపోతన్నాయి. డాక్టరు కిడ్నీ అంటన్నాడు. నర్సువి కదా, నేను ఏటి తినాలో రాయమ్మా." ఆ పై వారం, "రాత్రులు ఊపిరాడతం లేదు. వీలైతే ఓసారి వచ్చి వెళ్ళు."

జవాబు రాలేదు. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక రోజలిన్ ఫోన్ మాత్రం వచ్చేది. డ్యూటీ గురించి, అక్కడి ఎండల గురించి చెప్పేది. కాళ్ళ మాట ఎత్తేది కాదు. ఇప్పుడడుగుతుందేమో, ఇప్పుడడుగుతుందేమో అని అత్త రిసీవర్ వదిలేది కాదు.

"నువ్వే సెప్పొచ్చు కదత్తా" అన్నాను.

"రాయించేను కదరా. సదివే ఉంటాది. అడగాలనిపించలేదు. నోరు తెరిచి కూతుర్ని దేబిరించాలేటి?"

ఆ పంతంతోనే పోయింది. కూతురికి ఫోన్ చెయ్యమంటే మావయ్య చెయ్యనన్నాడు. నేనే చేశాను. రోజలిన్ దిగేసరికి పూడ్చడం అయిపోయింది.

మావయ్య ఆమె ముఖం చూడలేదు. "నెల్లాళ్ళు రాసేం. ఒక్క ముక్క అడిగేవా?" అన్నాడు.

"ఏం రాసేరు నాన్నా? నాకేటీ రాలేదు. నువ్వు మెయిల్స్ మానేసేవనుకున్నాను."

"అబద్ధాలు కూడానా?"

నాకు అనుమానం వచ్చి ఇద్దర్నీ సెంటర్‌కి లాక్కొచ్చాను. రోజలిన్ తన మెయిల్ తెరిచింది. పక్కనున్న స్పామ్ పెట్టె నొక్కమన్నాను. దాన్నిండా మావయ్య పేరే.

ఒకే ఉత్తరం ఒకేసారి అంతమందికి వెళ్తే మెయిల్ కంపెనీవాళ్ళ మెషీన్ అనుమానిస్తుంది. అందుకున్నవాళ్ళు కూడా ఇది చెత్త అని బొత్తాం నొక్కారంటే ఇక ఆ పేరు మీద ఏం వచ్చినా పక్కకి తోసేస్తుంది. లోపల దేవుడి మాటుందా, తల్లి జబ్బుందా అని చూడదు. ఇదంతా మావయ్యకి విడమరిచి చెప్పాను. రోజలిన్ వినడం లేదు. ప్రార్థనలన్నీ దాటుకుంటూ అడుగుకి పోయి, వాళ్ళమ్మ మాటలు ఒక్కొక్కటే చదువుతూ వెక్కివెక్కి ఏడుస్తోంది. చూడలేకపోయాను.

మావయ్య ముఖం ఒక్కసారి విప్పారింది. కూతురి తల నిమిరాడు. "నీ తప్పేటీ లేదా తల్లీ! లే, ముందు మీయమ్మకి సెబుదాం. నిన్ను తప్పుపట్టుకునే పోయింది."

సమాధి దగ్గర చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు గొంతెత్తాడు. "తబితా, మన పిల్ల అయ్యి సదవనేలేదు. కంపెనీవోళ్ళు దాసేసేరు."

"నాన్నా" అంది రోజలిన్. "కంపెనీ దాచలేదు. క్రిస్మస్ ముందు ఆ పదిమందికి పంపండి ఉత్తరాలు చూసి చూసి విసుగొచ్చింది. చెత్త అని ఆ బొత్తాం నేనే నొక్కేను. నొక్కేనన్న సంగతే మర్చిపోయేను."

మావయ్య సమాధి మీద మట్టిని చేత్తో సర్దుతూ ఉండిపోయాడు. కోప్పడితే బాగుండుననిపించింది నాకు.

"నాకు పంపొద్దు నాన్నా అని ఒక్క ముక్క రాయాల్సింది కదమ్మా" అన్నాడు చివరికి.

"నువ్వు బాధపడతావని రాయలేదు."