సన్న కూత

మేస్త్రి చెవి మీద ఆ వీధిలో ఎవరికీ అనుమానం లేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేసేవాడు. అందుకే అందరూ ఆయన్ని డాక్టరనేవారు. ఆయన దగ్గరే పని నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్న శిష్యుడు మాత్రం ఇప్పటికీ మేస్త్రీ అనే పిలుస్తాడు.

ఆ శిష్యుడి చెల్లెలికి మొగుడు పోయి ఏడాదైంది. కారు అద్దెకు తిప్పుకుని ఇద్దరు పిల్లల్నీ సాకాలని ఆమె పట్టుదల. ఉన్నదంతా ఊడ్చి పెడితే ఒక్క పాత డీజిల్ కారు వస్తుంది. అది మొరాయిస్తే రెండోది రాదు. "అమ్మాయికి నేను చూసిపెడతానుగా," అని మేస్త్రి భరోసా ఇచ్చాడు. ఓ బండి తెప్పించి, అన్నాచెల్లెళ్లిద్దర్నీ పొద్దున్నే తన దగ్గరికి రమ్మన్నాడు.

"ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు," అన్నాడు శిష్యుడితో, పలకరింపైనా లేకుండా. చల్లగా ఉంది. ముందే వేడిచేసి లోపం కప్పిపుచ్చలేదన్న మాట. చెల్లెలు లోపల కూర్చుని తాళం తిప్పి, మేస్త్రి సైగ చేయగానే యాక్సిలరేటర్ తొక్కింది.

ఇంజనులోకి గాలి నెట్టే టర్బో సన్నగా, పళ్లు జివ్వుమనేలా కూసింది. వెనక నీలిపొగ లేచింది.

"విన్నావా? పాలు తాగి పడుకున్న పిల్లాడిలా ఎంత నెమ్మదిగా ఉందో," అన్నాడు మేస్త్రి, స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీయకుండానే. ఆయనకి వేళాకోళం అలవాటే కాబట్టి శిష్యుడు నవ్వబోయాడు. అంతలో మేస్త్రి జేబులో ఫోను సన్నగా, కీచుగా మోగింది. ఆయన కదల్లేదు. అది మోగి మోగి ఆగిపోయింది. నిన్న మూడుసార్లు చేసినా ఎత్తకపోతే తన మీద కోపమేమో అనుకున్నాడు శిష్యుడు. ఇప్పుడు అర్థమైంది. మాటలూ, ఇంజను దడదడా ఆయనకి వినిపిస్తున్నాయి. సన్నటి చప్పుడే ఆ చెవికి అందడం లేదు.

శిష్యుడు ఇంజను ఆపించి, టర్బోకి గాలి వెళ్లే గొట్టం విప్పి వేలు పెట్టి చూశాడు. లోపలి ఇరుసు ఊగిసలాడుతోంది. వేలికి నూనె అంటింది. టర్బో పోయినట్టే.

"గొట్టాలు విప్పడం చెవిలేనివాళ్ల పనని చెప్పానా లేదా?" అన్నాడు మేస్త్రి చిన్నబుచ్చుకుని.

శిష్యుడు గొట్టం మళ్లీ బిగించాడు. నిజం చెబితే ఈయన ఏమైపోతాడు? చెప్పకపోతే చెల్లెలి బతుకు ఏమైపోతుంది? "చెల్లికి రంగు నచ్చలేదు మేస్త్రీ," అన్నాడు చివరికి.

చెల్లెలు తెల్లబోయింది. "రంగేంటన్నయ్యా? ఆ కూత..." అని, అన్న మొహం చూసి మిగతాది మింగేసింది.

"ఏం కూత?" అన్నాడు మేస్త్రి. ఇద్దరూ నేల చూపులు చూశారు. "మళ్లీ స్టార్ట్ చెయ్యమ్మా."

కుడిచెవితో విన్నాడు. ఎడమచెవికి మార్చి విన్నాడు. ఇంజను ఆపించి, తనే గొట్టం విప్పి వేలు పెట్టాడు. ఆయన గొట్టం విప్పడం శిష్యుడు చూడటం అదే మొదటిసారి. నూనె అంటిన వేలిని చాలాసేపు చూసుకుని, పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఎంత గట్టిగా కూస్తోందిరా?"

"వీధి చివరిదాకా వినిపిస్తుంది మేస్త్రీ."

"ఫోను మోగడం లేదు, రిపేరుకి ఇవ్వాలనుకున్నాను." మేస్త్రి నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "ఈ ఏడాది పదకొండు బళ్లు బాగున్నాయని చెప్పి కొనిపించాను. ఈ అమ్మాయిలాంటి వాళ్లే అందరూ."

మేస్త్రి స్క్రూడ్రైవర్ని గుడ్డతో తుడిచి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"సాయంత్రం షెడ్డు పెందలాడే మూసెయ్యి. ఆ పదకొండు ఇళ్లకీ పోదాం. బళ్ల చప్పుడు నువ్వు విను. తప్పు నాదని నేను చెప్పుకుంటాను."