స్కాలబీలో ఒక్క ఓటు

మా మున్సిపాలిటీ వాళ్ళకి ఒక పాడు అలవాటుంది. ఎన్నికలైన మర్నాడు ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఒక్కటి కూడా వదలకుండా వెబ్‌సైటులో పెట్టేస్తారు. ఓటు రహస్యమే, కాదనను. కానీ నాలుగు వందల మంది కూడా లేని మా స్కాలబీలో రహస్యం ఎంతసేపని దాగుతుంది?

బుధవారం సాయంత్రం ఆ పట్టికలో తోర్కిల్ పేరు వెతికాను. స్కాలబీ బడి కేంద్రంలో అతని పేరుకి ఎదురుగా ఒకటి అని ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఒకటే. మిగతా ఊళ్ళన్నీ కలిపి ఇంకో ఎనిమిది. ఆ ఎనిమిది మందీ తోర్కిల్ ముఖం కూడా చూసి ఉండరు.

ఆ ఒక్క ఓటూ నాది కాదు. నన్ను మంచివాడనుకుని ఎవరూ మోసపోకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

తోర్కిల్ మా ఊరి బడిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. బాయిలరు చూసుకోవడం, విరిగిన కుర్చీలు బాగుచేయడం, తెల్లారకముందే వాకిట్లో మంచు ఎత్తిపోయడం. అదే బడిలో చిన్నప్పుడు మేమిద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఇప్పుడు కౌన్సిల్ ఆ బడిని మూసేసి, ఉన్న అరవై రెండు మంది పిల్లల్నీ బస్సెక్కించి పట్నం పంపిస్తానంటోంది. రిటైరై ఇంట్లో కూర్చున్న తోర్కిల్‌కి ఆ కబురు విన్న దగ్గర్నుంచి నిద్ర పట్టలేదు. ఆగస్టులో ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఒరేయ్ ఐనర్, నేను నిలబడుతున్నానురా. ఏ పార్టీ కాదు, నా పేరొక్కటే రాసి నా జాబితా నేనే పెడతా. ఇరవై ఐదు సంతకాలుంటే చాలట."

"నువ్వా? కౌన్సిల్లోనా?" అని నవ్వాను.

"ఏం, బాయిలరు కంటే కష్టమా అది?"

మూడో సంతకం నాది. అందరం అంత ఉత్సాహంగానే పెట్టాం. ముప్పై ఒక్కరం. బేకరీ ఎల్నా అయితే పెన్ను పనిచేయకపోతే లోపలికి పరుగెత్తి ఇంకోటి తెచ్చుకుని మరీ పెట్టింది. పెట్టనన్నది విగ్గో ఒక్కడే. ఊరి చివర అరవై ఆవులు పెంచుకుంటాడు, మనిషి కంటే ఆవుతోనే ఎక్కువ మాట్లాడతాడు.

"నీ మొహానికి కౌన్సిలు కూడానా?" అన్నాడట తోర్కిల్‌తో. "నేను కాగితాల మీద సంతకాలు పెట్టను. పో, నా ఆవులు ఎదురుచూస్తున్నాయి."

ఆ సంగతి చెప్పుకుని వారం రోజులు నవ్వుకున్నాం. విగ్గోకి మర్యాద తెలీదని అందరం తేల్చేశాం.

నవంబరు మూడో మంగళవారం వచ్చింది. ఆ రోజు నేను బడి వ్యాయామశాలలో ఓటర్ల పేర్లు కొట్టేసే బల్ల దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నం తిండి విరామంలో నా ఓటు నేను తీసుకుని తెర వెనక్కి వెళ్ళాను. రెండు కాగితాలు. ఒకటి ఆసుపత్రులు చూసే రీజియన్‌ది, దాని మీద ఆలోచించకుండా గీసేశాను. రెండోది మున్సిపాలిటీది, పరుచుకుంటే తువ్వాలంత ఉంది. తోర్కిల్ పేరు అన్నిటికన్నా కింద.

దారానికి కట్టిన పెన్సిలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నా మనసులో వచ్చింది ఇది, అక్షరం మార్చకుండా చెబుతున్నాను. ఈ తోర్కిల్ గాడు టై కట్టుకుని మేయరు పక్కన కూర్చుంటాడా? పేపర్లో వీడి ఫొటో వస్తుందా? నాతో పాటు బల్ల మీద కూర్చుని లెక్కలు నా దాంట్లోంచి చూసి రాసినవాడు, నేను ఇక్కడ పేర్లు కొట్టుకుంటూ కూర్చుంటే వాడు అక్కడ నిర్ణయాలు చేస్తాడా? ఒక్క క్షణం కడుపు మండింది. ఆ వెంటనే ఇంకో మాట తోచింది, మిగతా ముప్పై మందీ ఎలాగూ వేస్తారు కదా, నా ఒక్కడిది పోతే ఏమవుతుంది? ఆ రెండో మాట చాటున మొదటి మాటని దాచేసి, ఎప్పుడూ వేసే పార్టీకే గీసి బయటికొచ్చాను.

బయట సైకిళ్ళ షెడ్డు దగ్గర తోర్కిల్ చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. వాడు నన్నేమీ అడగలేదు. నాకే నోరాగలేదు.

"వేశానురా" అన్నాను. భుజం కూడా తట్టాను.

ఆ మర్నాడు సాయంత్రం నేనూ నా భార్య అస్టా ఆ 'ఒకటి' కేసి చూస్తూ కూర్చున్నాం.

"పాపం, అది నీదన్నమాట" అంది అస్టా.

నేను కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను.

"ఏంటి? నువ్వు వెయ్యలేదా?"

"మరి నువ్వో?"

"మనింట్లో నువ్వు వేస్తావు కదా, చాల్లే అనుకున్నా" అని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరంతా ఇలాగే అనుకుందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

అయితే ఆ ఒక్కటి తోర్కిల్ తనకి తాను వేసుకున్నదే అయ్యుంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గురువారం పొద్దున్నే తలుపు తట్టి ఆ సర్దుబాటు కూడా వాడే పోగొట్టాడు. చేతిలో ఎల్నా బేకరీ పొట్లం ఉంది. వంటింట్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"థాంక్స్ రా" అన్నాడు.

"దేనికి?"

"నాకు నేను వేసుకోలేదురా. తెర వెనకాల నిలబడి నా పేరు నేనే గీసుకోవాలంటే మహా సిగ్గేసింది. ఎవరైనా చూస్తున్నట్టే అనిపించింది. బడి మూయొద్దంటూ నిలబడ్డ ఆ పట్నం పంతులమ్మకి వేసేశా." గొంతు సవరించుకున్నాడు. "కాబట్టి ఆ ఒక్కటీ నీదేగా. ఇంకెవరిది?"

అస్టా మా ఇద్దరికీ వీపు తిప్పి కాఫీ పోస్తోంది, పోస్తూనే ఉంది. కప్పు పొర్లింది. నేను కాదురా అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం వచ్చింది, వెళ్ళింది. వాడు తెచ్చిన బన్నుకి వెన్న రాసుకుని తిన్నాను. అంతకంటే నీచమైన పని ఈ అరవై ఒక్కేళ్ళలో నేను చేయలేదు.

శుక్రవారం సాయంత్రం ఊరి హాల్లో నెలనెలా జరిగే సహపంక్తి భోజనం. వేయించిన పంది మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు, పార్స్‌లీ సాసు. సంతకాలు పెట్టిన వాళ్ళలో ఇరవై మందికి పైగా వచ్చారు. వాతావరణం గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుకోవడం మా ఊళ్ళో నేనెప్పుడూ వినలేదు. ఎన్నికల ఊసు ఎవరూ ఎత్తలేదు. గుండెల మీద చెయ్యేసుకుని తింటున్నాం.

అప్పుడు తోర్కిల్ లేచి చెంచాతో గ్లాసు మీద టింగ్ టింగ్‌మని కొట్టాడు. నాలుగు మాటలు చెప్పాలంటే ఇక్కడ అదే పద్ధతి.

"ఎక్కువసేపు తినను మీ బుర్ర" అన్నాడు. "బడి సంగతి నేను చూడలేకపోయా. దానికి ఏమీ అనుకోకండి. కానీ ఒక్కడు, ఒకే ఒక్కడు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. వాడు నా చిన్ననాటి స్నేహితుడు. ఐనర్, నీ ఆరోగ్యానికి!"

అందరూ గ్లాసులెత్తారు. చప్పట్లు కూడా కొట్టారు, మామూలుగా కాదు, అరచేతులు మండేలా. నన్ను పొగిడితే తమ పాపం కొంచెం తగ్గుతుందన్నట్టు కొట్టారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎత్తిన చూపు కిటికీ పక్క బల్ల మీద పడింది. అక్కడ విగ్గో చప్పట్లు కొట్టడం లేదు. నమలడం ఆపేసి నా కళ్ళలోకే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని తెలిసిన మనిషి చూసే చూపది.

నేను కోట్లు తగిలించే గదిలోకి పారిపోయాను. విగ్గో వెనకే వచ్చాడు.

"నువ్వా?" అన్నాను.

"నా ఓటు నా ఇష్టం."

"సంతకం పెట్టనని తిట్టి పంపావు కదయ్యా!"

"తిట్టాలనిపించింది, తిట్టా. నా పిల్లలు చదివిన బడి అది. మా చిన్నాడు నీళ్ళ గుంటలో పడితే వీడే తీసి ఇంటికి మోసుకొచ్చాడు. వెయ్యకుండా ఎలా ఉంటా?"

"మరి లేచి చెప్పవేం?"

"చెప్తే వాడికి ఒరిగేదేంటి? తిట్టిన ముసలాడు ఓటేశాడంటే వాడికి ఏం సంతోషం? స్నేహితుడు వేశాడంటే సంతోషం. నీ దగ్గరే ఉంచుకో." కోటు తగిలించుకోబోయి, మళ్ళీ మనసు మార్చుకున్నట్టు కొక్కేనికే తగిలించి హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఉంచుకో అన్నాడు. చెంప మీద కొట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి.

లోపలికి వెళ్ళి, కూర్చోకుండా, నా గ్లాసు మీద నేను కొట్టాను.

"తోర్కిల్, అది నేను కాదురా" అన్నాను. "నీకు వేశానని అబద్ధం చెప్పాను. నిన్న నువ్వు థాంక్స్ చెప్తే నోరు మూసుకుని బన్ను తిన్నాను. నేను వెయ్యలేదు."

తోర్కిల్ ముఖంలో చిరునవ్వు వెంటనే పోలేదు. ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయింది. "మరి ఎవరు?" అన్నాడు నెమ్మదిగా. నన్ను కాదు, హాలుని అడిగాడు.

ఎల్నా చెయ్యెత్తింది. "నేనే, తోర్కిల్" అంది. పాపం, జాలితోనే ఎత్తిందని ప్రమాణం చేసి చెప్పగలను. ఆ పక్క బల్ల మీద తపాలా ఆయన చెయ్యి లేచింది. తర్వాత పాత హెడ్మాస్టరు గారిది. ఒకరు ఎత్తాక ఎత్తకుండా ఉంటే, వెయ్యలేదని ఒప్పుకున్నట్టే కదా. అందుకని ఇంకొకరు, ఇంకొకరు. ఒక్క ఓటుకి హాల్లో ఇరవై చేతులు లేచాయి. ఎవరూ పక్కవాళ్ళ కేసి చూడలేదు, ఎత్తిన చెయ్యి దించే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

తోర్కిల్ ఆ చేతులన్నిటినీ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. మేము పడాల్సిన సిగ్గు మా బదులు వాడే పడుతున్నాడు. మెల్లగా కూర్చున్నాడు.

నేను కాక చెయ్యెత్తకుండా ఉన్నవాడు విగ్గో ఒక్కడే. తన కంచం తీసుకుని, కిటికీ దగ్గర్నుంచి హాలంతా దాటి వచ్చి, తోర్కిల్ పక్కన ఖాళీగా ఉన్న నా కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ సాసు ఇటు జరుపు" అన్నాడు.

తోర్కిల్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. సాసు గిన్నె జరిపాడు. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. నేను నిలబడే ఉన్నాను.