మూతకి కట్టిన తీగ

మందిరంలో మా ఆయన సాక్ష్యం చెబుతుంటే కంట తడి పెట్టని వాళ్ళు మా సంఘంలో లేరు. పెళ్ళైన కొత్తలో నేనూ ఏడ్చాను. తర్వాత తర్వాత ఏడుపు రావడం మానేసింది గానీ, ఎక్కడ ఆగుతారో, ఎక్కడ గొంతు తగ్గిస్తారో, ఎక్కడ ఆడవాళ్ళు రుమాళ్ళు తీస్తారో అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఆయన ఒక ముక్క మరిచిపోతే ముందు వరుసలోంచి నేనే అందించగలను.

ఆ సాక్ష్యం ఇది. వయసులో ఉండగా మా ఆయన ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషను దగ్గర పనిచేసేవారు. ఆయనా, ఆయనతో పనిచేసే ఒక తాగుబోతూ కలిసి తాగని రోజు లేదు. ఒక రోజు ఆ తాగుబోతు తూలుతూ పనిలోకి వచ్చి, తిరుగుతున్న మిషనులో చెయ్యి పెట్టేశాడు. ఇక్కడ మా ఆయన ఆగుతారు. తర్వాత నెమ్మదిగా, "తెల్లటి పిండి ఎర్రగా మారడం ఈ కళ్ళతో చూశాను. ఆ చెయ్యి నాది కావలసింది. నా దేవుడు తప్పించాడు. ఆ రోజే మందు మానేశాను, ప్రభువు పాదాలు పట్టుకున్నాను" అంటారు. రుమాళ్ళు బయటికి వచ్చేది ఇక్కడే.

ఆ మాటలు విని తాగుడు మానేసిన వాళ్ళున్నారు, అది నిజం. పక్క ఊళ్ళ ప్రార్థన కూటాలకు కూడా ఆయన్ని పిలిచేవారు. ఇప్పుడాయన ఒక బేకరీలో బట్టీ మేస్త్రి. ఆదివారం ప్రభు బల్ల మీదకి వచ్చే రొట్టె ఆయన చేత్తో కాల్చిందే. మా సంఘ పెద్దల్లో ఒకాయన ప్రభువునందు నిద్రించడంతో ఆ స్థానం మా ఆయనకిద్దామన్నారు. నేను పైకి "అయ్యో, మేమెంతటి వాళ్ళం" అన్నాను గానీ, ఆ రోజు వేసుకోవలసిన బట్టలు అప్పటికే ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

సంఘ పెద్దగా నిలబడే మనిషికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు బల్ల ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. తర్వాత మా పాస్టరు అయ్యగారు, "ఈయన మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని అడుగుతారు. ఎవరూ ఎప్పుడూ చెప్పిన పాపాన పోలేదు. ఒకసారి ఎవరో దగ్గితే సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది, అంతే.

ఇంకో వారంలో ఆ ఆదివారం వస్తుందనగా, మందిరానికి కొత్తవాళ్ళు వచ్చారు. బాగా పొడుగాటి మనిషి, వెంట వయసొచ్చిన కూతురు. గుమ్మం దగ్గర పాటల పుస్తకాలు ఇచ్చేది నేనే. అతను ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడి చెయ్యి జేబులోంచి తియ్యలేదు. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను. వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు.

మా సంఘంలో రొట్టెను ముందే ముక్కలు చెయ్యరు. మొత్తం రొట్టె పళ్ళెంలో పెట్టి పంపిస్తారు, ఎవరికి వాళ్ళు ఒక ముక్క విరుచుకుని పక్కవాళ్ళకి అందిస్తారు. పళ్ళెం ఆ పొడుగాటి మనిషి ఒళ్ళోకి వచ్చింది. కాసేపు రొట్టె వైపు చూసి, ముట్టుకోకుండానే పక్కకి జరిపేశాడు. బాప్తిస్మం తీసుకోలేదు కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్ళుగా గుమ్మంలో నిలబడుతున్నాను కదా, మనుషుల్ని ఇట్టే కొలిచేస్తాను.

చివర్లో మా ఆయన ప్రకటనలు చదవడానికి లేచారు. రెండు ముక్కలు చదివి తలెత్తారు. చూపు చివరి బెంచీ మీద ఆగిపోయింది. గ్లాసు అందుకుని నీళ్ళు తాగారు. బుధవారం కూటాన్ని శుక్రవారం అని చదివారు. సరిచేద్దామని నేను సైగ చేస్తే నన్ను గుర్తుపట్టనట్టు చూశారు.

అక్కడితో మొదలైంది. ఇంట్లో ఆయన ఒక చోట కూర్చుంటే ఒట్టు. బాగున్న కుళాయిని విప్పి బాగు చేశారు, అది కారడం మొదలెట్టింది. మంచం కోళ్ళ కింద అట్టముక్కలు పెట్టి తీశారు. నిలబడే తిన్నారు. మాట్లాడమంటే "ఏం లేదు" అనేవారు. ఏం లేనివాడు గోడకీ గుమ్మానికీ మధ్య అన్ని సార్లు తిరుగుతాడా? చివరికి బట్టీ దగ్గర అంత చేయి తిరిగిన మనిషి రొట్టెలు మాడ్చి, ఆ వాసనతోనే ఇంటికి వచ్చారు. ఇక నేను ఊరుకోలేదు. సాయంత్రం వంటింటి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"చెప్తారా, అయ్యగార్ని పిలవనా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "చివరి బెంచీలో కూర్చున్నాడే, వాడు నిచ్చెన. ఫ్యాక్టరీలో అందరం అలాగే పిలిచేవాళ్ళం. పై అరల్లో బస్తాలన్నీ వాడే అందుకునేవాడు."

"అయితే?"

"మిషనులో చెయ్యి పోయింది వాడిదే."

"ఆ తాగుబోతా?" అన్నాను.

ఆ మాటకి మా ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. పెద్ద మనిషి పసిపిల్లాడిలా చెవులు మూసుకోవడం చూస్తే నాకు భయం వేసింది.

తర్వాత చెప్పారు. ఆ మిషనుకి ఒక మూత ఉంటుందట. మూత తీస్తే మిషను దానంతటదే ఆగిపోతుంది, మనిషి చెయ్యి లోపలికి పోకుండా ఆ ఏర్పాటు. కానీ పిండి చల్లాలన్నా, నీళ్ళు పొయ్యాలన్నా ప్రతిసారీ ఆపి మళ్ళీ నడపాలి. పని సాగదు. అందుకని మా ఆయన మూత దగ్గర మిషనుని ఆపే మీటని రాగి తీగతో బిగించి కట్టేశారు. మూత తీసినా మిషను తిరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి నిచ్చెనకి చెప్పలేదు. అతను ఎప్పటిలాగే మూత తీసి, ఆగిపోతుందనే ధైర్యంతో అడుగున అంటుకున్న పిండి గీకబోయాడు.

"మరి తాగి ఉన్నాడన్నారు?"

"ఆ రోజు వాడు తాగలేదు. నేనే తాగి ఉన్నాను. ఓనరు పరిగెత్తుకొచ్చేలోపు తీగ విప్పి జేబులో వేసుకున్నాను. ఎలా జరిగిందంటే, తాగొచ్చాడండీ అన్నాను. వాడు స్పృహలో లేడు. పని పోయింది, ఊరు విడిచి వెళ్ళిపోయాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం చేసినందుకు కాదు, నిజం చెప్పాలంటే ముందు దానికి కాదు. ఆ కథ విని నేను ఏడ్చినందుకు. ఈ మనిషిని చూసి నేను మురిసిపోయినందుకు.

"ఇన్నేళ్ళుగా దేవుడి దగ్గర ఒప్పుకోలేదా?"

"రోజూ ఒప్పుకున్నాను. తాగినందుకు, తిరిగినందుకు, అన్నింటికీ. ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి, ఆ తాగుబోతుని కూడా క్షమించు ప్రభువా అని ప్రార్థన చేసేవాణ్ణి. దేవుడి దగ్గర కూడా వాణ్ణి తాగుబోతనే చెప్పాను."

కుళాయి కారుతూనే ఉంది. ఆయన లేచి దాన్ని గట్టిగా తిప్పారు, ఆగలేదు. "దేవుని రాజ్యం, దేవుని రాజ్యం అని ఊరూరా చెప్పొచ్చాను. అక్కడ వాణ్ణి నా పక్కనే కూర్చోబెడితే ఏం చెయ్యను?"

"అంత పెద్ద రాజ్యంలో మీకు వేరే చోటే దొరకదా?" అన్నాను, కోపం చల్లారక.

"దొరుకుతుంది. వాడి కంట పడకుండా మాత్రం దొరకదు."

మర్నాడు సాయంత్రం నేనే బయల్దేరదీశాను. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటే ఒక పని అయిపోతుంది, ఆదివారం ప్రశాంతంగా గడిచిపోతుందని నా లెక్క. అయ్యగారి భార్యని అడిగి ఇల్లు తెలుసుకున్నాను. సైకిళ్ళు బాగుచేసే షాపు పైన ఒక గది. అతను ఒక బడి గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాడట. మేం వెళ్ళేసరికి ఒంటి చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కుడి చేతికి బొటనవేలు తప్ప ఏమీ లేదు.

"రారా," అన్నాడు మా ఆయన్ని చూసి, నిన్నో మొన్నో విడిపోయినట్టు. "కూర్చో చెల్లెమ్మా. అమ్మాయి ఇంకా పనినుంచి రాలేదు."

మా ఆయన తెచ్చిన కేకు పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు మోశారు. తర్వాత, "గదికి గాలి బాగా వస్తోంది" అన్నారు. కిటికీలు రెండూ మూసే ఉన్నాయి. నేను మోచేత్తో పొడిచాను.

"నిచ్చెనా, ఆ రోజు... ఆ తీగ..."

"నువ్వే కట్టావు. తెలుసు. చెయ్యి లోపల ఇరుక్కున్నప్పుడు నా మొహం దాని ఎదురుగానే ఉంది కదరా. కొత్త రాగి తీగ, మెరుస్తోంది."

మా ఆయన కింద కూర్చుని అతని మోకాళ్ళు పట్టుకున్నారు. "నన్ను క్షమించరా."

"లే ముందు. నాకు తెలిసిందే నాకు చెప్తున్నావు. తెలియంది నాకు కాదు." అతను మా ఇద్దరి మొహాలూ చూశాడు. "మా అమ్మాయి ఏదో కూటానికి వెళ్ళి నీ సాక్ష్యం విని వచ్చింది. బాగా ఏడ్చిందట. ఫ్యాక్టరీ, మిషను, చెయ్యి, అన్నీ సరిపోయాయి. ఇంటికొచ్చి, నాన్నా, ఆ తాగుబోతు నువ్వేనా అని అడిగింది."

"మీరేమన్నారన్నయ్యా?" అన్నాను.

"ఆ రోజు నేను తాగలేదమ్మా అన్నాను. ఏ తాగుబోతైనా అదే అంటాడు కదా. వాళ్ళమ్మ కూడా నా మాట నమ్మకుండానే పోయింది." నవ్వబోయాడు గానీ రాలేదు. "మీ మందిరానికి నన్ను అమ్మాయే లాక్కొచ్చింది. ఆయన్ని చూసి నేర్చుకో నాన్నా, నువ్వూ మారొచ్చు అంటుంది."

 కింద షాపులో ఎవరో సైకిలు చక్రానికి గాలి కొడుతున్నారు.

"ఆదివారం సంగతి అమ్మాయి చెప్పిందిలే. నేను లేచి అభ్యంతరం చెప్తానని భయపడకు," అన్నాడతను గుమ్మం దాకా వచ్చి. "చెప్పినా ఎవరు నమ్ముతారు? నీ నోటితో చెడింది, నీ నోటితోనే బాగుపడాలి. ఆ పైన నీ ఇష్టం."

దారంతా నేనే మాట్లాడాను. ఒంట్లో బాగాలేదని పెద్దరికం వద్దనేయండి, చాలు, అన్నాను. ఆ సాక్ష్యం విని తాగుడు మానేసిన వాళ్ళ గతేమిటి, వాళ్ళ ఇళ్ళు ఏమైపోవాలి, అన్నాను. ఈ మాట నాకే ఎంతో భక్తిగా వినిపించింది. అసలు సంగతి మాత్రం, సోమవారం నేను ఏ మొహం పెట్టుకుని వీధిలోకి వెళ్తానన్నదే. ఆయన నా ముందు ఒకసారి, నా వెనక ఒకసారి నడుస్తూ ఇల్లు చేరారు.

ఆదివారం మందిరం నిండిపోయింది. ఇస్త్రీ చేసిన బట్టలు నాకు ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి. తండ్రీ కూతుళ్ళు అదే చివరి బెంచీలో కూర్చున్నారు. అమ్మాయి పక్కకి వంగి, తండ్రి భుజం తట్టి, మా ఆయన్ని చూపించింది.

మా ఆయన బల్ల ముందు నిలబడ్డారు. గొంతు ఎప్పటి గొంతే. "వయసులో ఉండగా నేను..." అని మొదలుపెట్టారు. ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని నేను బెంచీ అంచు పట్టుకున్నాను. నోటికి అలవాటైన పాట కదా, అది ఆయన్ని లాక్కుపోయింది. "ఆ తాగుబోతు" అన్నారు. ఆగవలసిన చోట ఆగారు. తెల్లటి పిండి ఎర్రబడింది. రుమాళ్ళు బయటికి వచ్చాయి. ప్రభువు పాదాలు పట్టుకోవడం కూడా అయిపోయింది. సంఘమంతా "ఆమెన్" అంది.

హమ్మయ్య అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, నిజంగా హమ్మయ్య అనే అనుకున్నాను. మరుక్షణం వెనక్కి తిరిగి చూశాను. చివరి బెంచీలో ఆ మనిషి తల వంచుకుని తన జేబు వైపు చూసుకుంటున్నాడు. కూతురు కళ్ళు తుడుచుకుంటూ అతని వీపు నిమురుతోంది.

అయ్యగారు లేచారు. "ఈయన మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి." అని, సమాధానం కోసం చూడకుండా పాటల పుస్తకం తెరిచారు.

"నాకుందండి," అన్నారు మా ఆయన.

అయ్యగారు ఏదో వినయం అనుకుని నవ్వారు. మా ఆయన నవ్వలేదు. గొంతు కూడా మారిపోయింది. ఎక్కడ ఆగాలో తెలియని గొంతు, నేనెప్పుడూ వినలేదు. "ఇప్పుడు నేను చెప్పింది అబద్ధం. ఇన్నేళ్ళుగా చెప్పిందీ అబద్ధమే. ఆ రోజు అతను తాగలేదు. తాగింది నేను. మూతకి తీగ కట్టింది నేను. విప్పి దాచింది నేను. అదిగో, ఆ చివర కూర్చున్నాడు. అమ్మా, మీ నాన్న మంచి పనివాడు. మీ అమ్మగారికి కూడా చెప్పాల్సింది. ఆలస్యం చేశాను."

 నా పక్కావిడ రుమాలు ఏం చెయ్యాలో తెలియక మడత పెడుతోంది. ఆ అమ్మాయి తండ్రి వైపు తిరిగింది.  జేబులోంచి అతని కుడి చేతిని బయటికి తీసి, తన రెండు చేతుల్లో పెట్టుకుని, దాని మీద మొహం ఆనించుకుంది.

మా ఆయన ముందు వరుసలో కూర్చోలేదు. మధ్య దారిలో నడుచుకుంటూ వెనక్కి వెళ్ళి, చివరి బెంచీ పక్కన నిలబడిపోయారు. కూర్చోమని ఎవరూ అనలేదు. అయ్యగారు తడబడుతూనే రొట్టె ఎత్తి ప్రార్థించారు. పళ్ళెం బయల్దేరింది. మా ఆయన కాల్చిన రొట్టె చేతులు మారుతూ, విరుగుతూ, వెనక్కి వెళ్తుంటే నేను సిగ్గు విడిచి పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాను.

పళ్ళెం ఆ మనిషి ఒళ్ళోకి వచ్చింది. కిందటి వారం లాగే దాని వైపు చూశాడు. రొట్టె గట్టిది, ఎడమ చేత్తో లాగితే పళ్ళెం కూడా వచ్చేస్తుంది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ వారం అతనెందుకు ముట్టుకోలేదో.

అతను తలెత్తి మా ఆయన్ని చూశాడు. కొంచెం జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

"నీ మీద కోపం పోయిందని అనట్లేదు," అన్నాడు. అంత నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. "కూర్చుని ఈ పళ్ళెం పట్టుకో. ఒంటి చేత్తో విరవడం నాకు రాదు."

మా ఆయన కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నారు.