కదపరాని పీట

లోహపు తలుపు వెనుక మూసుకోగానే అతడు స్వెటర్ బొత్తాలు పెట్టుకొని, యంత్రాల బీరువా ముందు మోకాళ్లూనాడు. నడివేసవిలోనూ ఉన్నివస్త్రం విడువని ఆ పెద్దమనిషిని కార్యాలయమంతా స్వెటర్ మామ అనేది. కిటికీ లేని ఆ గదిలో ఋతువులన్నీ ఒక్కటే. పగలూ రాత్రీ చల్లగాలి హోరు.

బీరువాలో బ్లేడ్ సర్వర్లనే సన్నని కంప్యూటర్లు పలకల్లా నిలువుగా, వేలు దూరే సందైనా లేకుండా ఇరుక్కొని ఉన్నాయి. వాటి వేగం పెంచే కొత్త కార్డుకు లోపల చోటు లేదు. అందుకే కార్డును వేరొక పెట్టెలో బయట ఉంచి, వైరుతో సర్వర్లకు కలపాలని పైవారు నిర్ణయించారు. ఈ పని నెరవేరితే మేడమీద, కిటికీ పక్కన బల్ల ఇస్తామన్నారు. చలికి అతని మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి. ఎండ తగలాలని వైద్యుడు ఏనాడో చెప్పాడు.

వైరు పొట్టిది. పెట్టెను నేలమీద ఉంచితే అందలేదు. చేతులతో ఎత్తిపట్టి తగిలిస్తే పచ్చదీపం వెలిగింది. చుట్టూ చూసి, తాను కూర్చునే ముక్కాలి పీటను కాలితో దగ్గరకు జరిపి, పెట్టెను దానిమీద నిలిపాడు. కొలిచి చేసినట్లు సరిపోయింది.

వయసులో చిన్నవాడైన అధికారి వచ్చి, దీపం చూసి పొంగిపోయాడు.

"అదరగొట్టేశావు మామా!"

"పొడుగు వైరు వచ్చేదాకా ఇలా ఉంచుదాం సార్. మరి నా కిటికీ?"

"అమ్మో, ఇప్పుడు దీన్నెవరూ ముట్టుకోకూడదు. నువ్వే దగ్గరుండి చూసుకో. కిటికీ ఎక్కడికీ పారిపోదులే!"

"అది పారిపోదు సార్. నా మోకాళ్లే సెలవు పెట్టేలా ఉన్నాయి."

అధికారి నవ్వుతూ వెళ్లిపోయాడు. కూర్చునే పీట కూడా లేక, అతడు ద్వారపాలకునివలె నిలుచున్నాడు.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, మేడెక్కారా? ఎండ తగుల్తోందా?"

బీరువా వెనుకనుంచి వచ్చే వేడిగాలికి అతడు వీపు ఆనించాడు.

"ఆఁ... వెచ్చగా ఉంది."

"అయితే ఆ స్వెటర్ విప్పి అవతల పారేయండి, చూడలేక చస్తున్నా."

అతడు నవ్వి, నిజంగానే విప్పాడు. సాయంకాలానికి నిలువలేక, ఆ వెచ్చదనంలోనే నేలమీద చతికిలబడ్డాడు. దీపం చూడవచ్చిన అధికారి రెండుసార్లు పిలిచాడు. మామ పలకలేదు.

కర్మలు ముగిశాక అతని వస్తువుల కోసం భార్య వస్తే, అధికారి ఆమెను ఆ గదిలోకి తీసుకువచ్చాడు. ఆమె స్వెటర్‌నూ కళ్లజోడునూ సంచిలో వేసుకొని, పీటవైపు చూసింది.

"అది మా ఇంటిదేనండీ. మా నాన్న చేయించాడు."

"తెలుసమ్మా. కదిపితే అన్నీ ఆగిపోతాయి. పొడుగు వైరు రానీ, నేనే తెచ్చిస్తా."

ఆమె తలూపి, నాలుగు గోడలూ కలయజూసింది.

"కిటికీ ఏది బాబూ?"

అధికారి తల వంచుకున్నాడు. మామ కూర్చుని కూర్చుని పల్లం పడిన పీటమీద ఆ పెట్టె, పచ్చదీపం వెలిగించుకొని, ఏమాత్రం ఒరగక కుదురుగా ఉంది.