దొంగా, పోలీసూ, మా ఆయనా

మా ఆయనతో కాపురం చెయ్యొచ్చు గానీ లెక్కలు చెయ్యలేం. ఆయన రైలు డ్రైవరు. బండిని ప్లాట్‌ఫాం మీద గీత గీసినట్టు ఆపుతారు. వాదనను మాత్రం ఎక్కడా ఆపరు.

ఆ సాయంత్రం అమ్మాయి వంటింట్లో పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పోయిన పరీక్షలో లెక్కలు తప్పింది. రేపు మళ్ళీ పరీక్ష. ఇదీ పోతే స్కూలు పరుగు జట్టులోంచి పేరు కొట్టేస్తామని హెడ్‌మాస్టరు చెప్పేశారు. దానికి పరుగంటే ప్రాణం.

దొంగ గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పారిపోతున్నాడు. రెండు వందల మీటర్ల వెనక నుంచి పోలీసు గంటకు పది కిలోమీటర్ల వేగంతో తరుముతున్నాడు. ఎంతసేపట్లో దొరుకుతాడు?

అమ్మాయి పదిలోంచి ఎనిమిది తీసేసి, ఆరు నిమిషాలని రాసింది. అంతలో ఆయన డ్యూటీ దిగి వచ్చి పుస్తకంలోకి తొంగి చూశారు.

“తీసేశావేంటే? ఇద్దరూ కదులుతున్నారుగా, కలపాలి. పద్దెనిమిది. నలభై సెకన్లలో దొరికేస్తాడు.”

“ఎదురెదురుగా వస్తే కదా నాన్నా కలిపేది?”

“ఇన్నేళ్ళుగా ఎదురుబళ్ళను దాటిస్తున్నా. నాకు చెప్తావా?”

“ఇది ఎదురుబండి కాదండీ, వెనకబండి,” అన్నాను ఉల్లిపాయలు తరుగుతూ.

“వెనకబండి ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగుతుంది. ముందుబండిని తరమడమేంటి? ఉద్యోగం ఊడుతుంది!”

పోలీసుకు సిగ్నల్ ఎవరిస్తారో అడగబోయాను. ఈలోపు అమ్మాయి రబ్బరు తీసి ఆరు నిమిషాలను చెరిపేసింది. “నాన్న చెప్పిందే కరెక్టేమోలే అమ్మా. నాకెలాగూ రావు.”

నా ఒళ్ళు మండింది. డిగ్రీలో లెక్కలు చదివినదాన్ని ఈ ఇంట్లోనే ఉన్నానని ఇద్దరికీ గుర్తు లేదు. కత్తి పక్కన పెట్టాను.

“పదండి వీధిలోకి. మీరే దొంగ.”

అమ్మాయిని గేటు దగ్గర, ఆయన్ని కాస్త ముందు కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టాను. “ఒకసారి నడవండి, ఒకసారి పరిగెత్తండి. అమ్మాయి రెండుసార్లూ ఒకే వేగంతో వస్తుంది. మీ లెక్క ప్రకారం ఎప్పుడు తొందరగా దొరకాలి?”

“పరిగెత్తినప్పుడు. కలిపితే ఎక్కువొస్తుందిగా,” అన్నారు. అన్నాక ఎందుకో నుదురు చిట్లించారు, కానీ అన్న మాట వెనక్కి తీసుకుంటే ఆయన మా ఆయనెందుకవుతారు?

నడిచినప్పుడు టైలరు కొట్టుకు ముందే దొరికిపోయారు. పరిగెత్తినప్పుడు టైలరు కొట్టు దాటారు, మందుల షాపు దాటారు, మలుపు దగ్గర గానీ చిక్కలేదు.

“ఏం చేశారమ్మా పాపం ఆయన?” మేడ మీంచి పక్కింటావిడ.

“దొంగతనం అండీ.”

ఆయన మోకాళ్ళ మీద చేతులానించి రొప్పుతున్నారు. “చెప్పులు... జారాయి. ఎదురుగాలి కూడా...”

“నాన్నా,” అంది అమ్మాయి. దానికి ఆయాసం కూడా లేదు, కళ్ళల్లో మాత్రం నీళ్ళున్నాయి. “రేపు పేపర్లో ఏది రాయను? ఈసారి పోతే నన్ను జట్టులోంచి తీసేస్తారు.”

ఆయన దాని మొహం వంక చూశారు. నా వంక చూడలేదు, అది వేరే సంగతి. నిటారుగా నిలబడి, మేడ మీది ఆవిడకు కూడా వినపడేట్టు అన్నారు:

“తీసెయ్యాలి తల్లీ. ఆరు నిమిషాలే. నువ్వు రాసిందే కరెక్టు, నేను చెప్పింది తప్పు.”