పక్కింటికి పోయొచ్చే పాట

సంచికి మూడు వైపులా కుట్టు పడింది. నాలుగో వైపు సున్నపు గడ్డలు పోయడానికి వదిలి, హెబ్రోను కుట్టుమిషను చక్రాన్ని అరచేత్తో ఆపాడు. పాత దుప్పటి గుడ్డ, జానెడు పొడవు, జానెడు వెడల్పు. పక్కన చేటలో గుల్లసున్నం గడ్డలు, బట్టీలోంచి తెచ్చినవి తెచ్చినట్టు, చెమ్మ తగలకుండా గోనెపట్టా కప్పి ఉన్నాయి. ఈ సంచిని చర్చిలో పియానో పొట్టలో, తీగల కింద పెడితే, సముద్రపు గాలి మోసుకొచ్చే చెమ్మనంతా అదే పీల్చుకుంటుంది. రెండు వారాలకు గడ్డలన్నీ పిండైపోతాయి. అప్పుడు ఇంకో సంచి కుట్టాలి. పదేళ్లుగా హెబ్రోనుకు రెండు వారాలకొక ఆదివారం ఇలాగే మొదలవుతోంది.

ఈ ఆదివారం ఆ సంచితో పనిలేదు. పియానో మధ్యాహ్నం వెళ్లిపోతోంది. నెల్లూరులో ఎవరో ఆసామి కొన్నాడు. కృష్ణపట్నంలో సరుకు దించి ఖాళీగా తిరిగిపోయే లారీ ముత్తుకూరు మీదుగా వస్తుంది, అందులో ఎక్కించి పంపాలని సంఘం కమిటీ గురువారమే తీర్మానించింది. దానికి బదులు మైకుసెట్టు వస్తుంది. సంఘం పెద్ద దావీదు గొంతు ఇప్పటికే మూడు వీధులకు వినిపిస్తుంది. ఇక మీదట ఏడు వీధులకు వినిపించాలని ఆయన కోరిక. ఆ కమిటీలో పియానో తీగకూ పందిరి తీగకూ తేడా తెలిసినవాడు ఒక్కడూ లేడు.

కమిటీ సంగతి అలా ఉంచితే, ఇంట్లో ఉన్న ఈ మనిషి ఏం తక్కువ తిన్నాడు? పియానో పోతుందని గురువారమే తెలిసి కూడా, శనివారం భార్యను సున్నానికి పంపాడు. బట్టీ ఉప్పుకాలవ దగ్గరుంది. మూడు మైళ్లు పోను, మూడు మైళ్లు రాను. ఇక వద్దని చెబితే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెప్పడంకన్నా ఆమె నడవడమే హెబ్రోనుకు తేలికనిపించింది.

"సంచి ఇంకా కాలేదా? మొదటి గంట కొట్టబోతారు," అంది రెబెక్కమ్మ, తలకు నూనె రాసుకుంటూ గడపలోకి వచ్చి.

"దీంతో పనిలేదులే."

"ఎందుకు లేదు?"

"పియానో అమ్మేసినారు. మజ్జానం లారీ వస్తుంది."

"ఎప్పుడు అమ్మినారు?"

"బేస్తవారం."

ఆమె చేతిలోని నూనె చేతిలోనే ఉండిపోయింది. "నిన్న నన్ను బట్టీకి పంపేటప్పుడు నీకు తెలుసునా?"

హెబ్రోను వంగి, అక్కర్లేని దారాన్ని పళ్లతో తెంపాడు.

"ఆరు మైళ్లు నడిచినాను గదయ్యా. చెప్పుంటే పొయ్యేదాన్నా?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. హెబ్రోను గడ్డలన్నీ సంచిలో పోసి, నాలుగో వైపు కూడా కుట్టేసి, మిషను బల్ల మీద పెట్టాడు. చెయ్యి అలవాటు పడ్డ పని అది, అంతకు మించి ఏమీ కాదు.

నలభై ఆరేళ్ల మనిషి. మిషను మీద వంగి వంగి వీపుకు గూని వచ్చింది. ఎడమ చూపుడువేలి కొన సూదిపోట్లతో కాయకాసి ఉంటుంది. ఎండాకాలంలోనూ చొక్కా బొత్తాలు గొంతు దాకా పెట్టుకుంటాడు. ఊరందరికీ ఆయన దర్జీ. హాస్టలు పిల్లల గౌన్లు, రెడ్ల ఇళ్లలో దిండు గలీబులు, పెళ్లిళ్లకు రవికలు కుడతాడు. తన లెక్కలో మాత్రం తను విద్వాంసుడు, బతుకుతెరువు కోసం కత్తెర పట్టుకున్నాడు. ఈ భ్రమ ఎక్కడ పట్టుకుందంటే మద్రాసులో.

చిన్నప్పుడు ముత్తుకూరు చర్చి హాస్టల్లో, దాన్ని నడిపే తెల్ల దొరసాని ఆయనకు పియానో మీద కీర్తనలు నేర్పింది. పెద్దయ్యాక, పందొమ్మిదివందల యాభై ఆరులో, పనికోసం మద్రాసు వెళ్లి ఒక పెద్ద హోటలు బ్యాండువాళ్లకు కోట్లు కుట్టే షాపులో చేరాడు. ఆ బ్యాండులో పియానో వాయించేది ఒక గోవా ఆయన. వాళ్లు వాయించేది జాజ్ సంగీతం. పాట ఒకటే, కానీ వాయించినప్పుడల్లా అప్పటికప్పుడు కొత్తగా అల్లుకుంటూ పోతారు. ఒకరోజు కోటు కొలతలకు వెళ్లిన హెబ్రోను, ఆ గోవా ఆయన కుడిచెయ్యి ఉన్నట్టుండి శృతి దాటి వెళ్లిపోవడం విన్నాడు. తప్పు వాయించాడనుకున్నాడు. ఇంతలో ఆ చెయ్యి ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి పాటలో కలిసింది. హెబ్రోను ఒళ్లు జల్లుమంది. అదేమిటని అడిగాడు.

ఆయన నవ్వి, కొలతల టేపు మెడలో ఉండగానే నేర్పించాడు. ఎడమచెయ్యి ఇంట్లోనే ఉండాలి, పాటకు సరిపడే స్వరాలను పట్టుకుని. కుడిచెయ్యి అదే పాటను ఒక్క మెట్టు పైకి జరిపి, పక్కనున్న స్వరాల మీద వాయించాలి. అది పక్కింటికి పోవడం. వినేవాడికి పళ్లు జిల్లుమంటాయి. రెండు తాళాలు, మహా అయితే నాలుగు. తర్వాత ఇంటికొచ్చెయ్యాలి. పక్కింట్లో కాపురం పెట్టకూడదు. పోవడం ఎవడైనా పోతాడు, వచ్చే దారి తెలిసుండాలని చెప్పి, చంకలు ఇంకొంచెం వదులు చెయ్యమన్నాడు.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, హెబ్రోను ఆ ఒక్క పాఠాన్ని పట్టుకుని యాభై ఎనిమిదిలో ముత్తుకూరు తిరిగొచ్చాడు. దొరసాని తన దేశం వెళ్లిపోతూ పియానోను చర్చికి వదిలి వెళ్లింది. వాయించడానికి మనిషి కావాలని పాస్టరు సమాధానం అయ్యగారు కబురు పెడితే వచ్చాడు. అప్పటినుంచి రోజూ పగలు రెండు గంటలకు, భోజనం చేసి, ఖాళీ చర్చిలో కూర్చుని పక్కింటికి పోయి రావడం సాధన చేశాడు. మొదట్లో పోతే రాలేకపోయేవాడు. అరవైకల్లా రావడం వచ్చింది. కానీ ఖాళీ చర్చిలో వాయించుకోవడం తనతో తనే పులిజూదం ఆడుకున్నట్టుండేది. తను బయటికి వెళ్లినప్పుడు పాటను ఇంట్లో పట్టుకుని నిలబడేవాళ్లు కావాలి. మనుషులు పాడుతుండాలి. వాళ్లు కదలకుండా ఉండగా తను కదలాలి, తిరిగి రావాలి. ఒక్కసారి. ఆ మనిషి ఈ లోకంలో కోరుకున్నది అదొక్కటే.

అరవై ఒకటిలో ఒక పండగనాడు మొదటిసారి తెగించాడు. కీర్తన నాలుగో చరణంలో కుడిచేతిని ఒక్క మెట్టు పైకి జరిపాడు. సంఘం మొత్తం ఒక్క మెట్టు పైకి జరిగింది. దొరసాని ముప్పై ఏళ్లు రూళ్లకర్ర పట్టుకుని వాళ్లకు నేర్పింది ఒకే ఒక్క విద్య: పియానో ఎటుపోతే అటు పోవాలి. గొర్రెదాటు. తను దిగితే వాళ్లూ దిగారు. మళ్లీ ఎక్కితే మెడనరాలు ఉబ్బేలా మళ్లీ ఎక్కారు. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని వెనకే వస్తే ఇక పక్కిల్లేమిటి, బయటేమిటి? ఆ రోజు పాట బ్రహ్మాండంగా పైకి లేచిందని పాస్టరుగారు మెచ్చుకున్నారు. తర్వాత ఇంకో పదిసార్లు ప్రయత్నించాడు. పదిసార్లూ అదే మెప్పు. హెబ్రోను ఆ సంఘాన్ని మనసులో తిట్టుకున్నంతగా సైతానును కూడా తిట్టుకుని ఉండడు.

ఆ సంఘంలో పియానోను లక్ష్యపెట్టని గొంతు ఒక్కటుంది. అది రెబెక్కమ్మది. ఆమె విడవలూరు మనిషి, నారుమళ్లలో మోకాటి లోతు బురదలో నిలబడి తల్లి దగ్గర పాటలు నేర్చుకుంది. ఎత్తుకున్న శృతి ఎత్తుకున్నట్టే, వరదొచ్చినా కదలదు. పెళ్లయిన కొత్తలో దొరసాని పియానో ఒక దారి, ఈమె ఒక దారి పోతే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. హెబ్రోను పియానో ముందు కూర్చున్న మొదటివారమే ఆమెకు తేల్చి చెప్పేశాడు: "నువ్వు పాడేది పాట గాదు, పిట్టల్ని తోలే కేక. పెదాలు ఆడించు చాలు, గొంతు తియ్యబాక." పదేళ్లుగా ఆమె పెదాలు మాత్రమే ఆడిస్తోంది. పదేళ్లుగా రెండు వారాలకొకసారి ఆరు మైళ్లు నడిచి ఆ పియానోకు సున్నమూ తెస్తోంది.

ఆ ఆదివారం ఆరాధన ఎప్పటిలాగే సాగింది. కిటికీల్లోంచి ఉప్పుగాలి, చాపల మీద పిల్లల ఏడుపు, ప్రసంగంలో మైకుసెట్టు గురించి పావుగంట. కానుకల సంచి తిరిగేటప్పుడు పాడే పాటకు ఐదు చరణాలు. హెబ్రోను నాలుగో చరణం కోసం కాచుకుని కూర్చున్నాడు. ఇదే ఆఖరు. వీళ్లు ఎలాగూ వెనకే వస్తారని తెలుసు. అయినా పోవాలనుకున్నాడు, పేకాటలో ఓడిపోయినవాడు ఆఖరి ముక్క కూడా తిప్పి చూసినట్టు.

కుడిచెయ్యి ఒక్క మెట్టు ఎక్కింది. సంఘమూ ఎక్కింది. దావీదు అందరికన్నా ముందు ఎక్కాడు.

ఒక్క గొంతు ఎక్కలేదు. ఆడవాళ్ల వైపునుంచి, మూడో వరసలోనుంచి, గరుగ్గా, తడిలేకుండా, గుల్లసున్నం గడ్డలాగా వచ్చింది. రెబెక్కమ్మ పాడుతోంది. సంగీతం కోసం కాదు, ఆ ఆరు మైళ్ల కోపంతో పాడుతోంది. పాట ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే నిలబడి, ముందుకు చూస్తూ, ఎవరినీ లెక్కచెయ్యకుండా పాడుతోంది.

ఆ గొంతూ తన కుడిచెయ్యీ ఒకదానికొకటి రాసుకుని, హెబ్రోనుకు పళ్లు జిల్లుమన్నాయి. మద్రాసు తర్వాత మళ్లీ ఇప్పుడే. ఇల్లు అక్కడుంది, తను బయటున్నాడు. ఇంకొంచెం దూరం వెళ్లాడు. గొంతు కదల్లేదు. ఇంకో మెట్టు. గొంతు కదల్లేదు. సంఘం ఎటు పోవాలో తెలియక చెదిరిపోయింది. సగంమంది నోళ్లు మూసుకున్నారు. నాలుగు తాళాలు అయ్యాయి. హెబ్రోను వేళ్లు మెట్టు మెట్టుగా దిగి, వాకిలి తెరిచే ఉన్న ఇంట్లోకి వచ్చినట్టు, ఆమె పాడుతున్న స్వరం మీదికి వచ్చి ఆగాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పదేళ్లు వెతికిన మనిషిని పదేళ్ల కిందట తనే నోరుమూయించాడని అప్పటికి ఆ పెద్దమనిషికి తెలిసింది.

తెలిసిందే గానీ, ఎంతసేపు నిలిచింది? ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో దావీదు అడ్డం వచ్చాడు.

"ఏం హెబ్రోనూ, మీ ఇంట్లో ఆమె ఆఖరిరోజు పాటంతా చెడగొట్టింది గదయ్యా."

చుట్టూ పదిమంది ఉన్నారు. పాస్టరుగారు ఉన్నారు. రెబెక్కమ్మ రెండడుగుల వెనక, ఆయన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. పాట చెడలేదు, నా బతుకులో మొదటిసారి బాగుపడింది అంటే చాలు. చెయ్యి అయితే పక్కింటికి పోయి రాగలిగింది గానీ, నోరు పదిమంది మాటలోంచి ఒక్క మెట్టు పక్కకు జరగలేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి.

"దానికి శృతి తెలీదన్నా," అన్నాడు హెబ్రోను. "నేను మొదట్నించి చెప్తానే ఉండాను."

అందరూ నవ్వారు. రెబెక్కమ్మ గొడుగు ఆయన చేతికిచ్చి, ఎండలో ముందు నడిచింది.

మూడు గంటలకు లారీ వచ్చింది. ఆరుగురు కలిసి పియానోను ఎత్తారు. గడప దాటేటప్పుడు ఒక మూల జారి నేలకు తగిలితే, లోపలి తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి. హెబ్రోను లారీ వెనకాల వీధి మలుపు దాకా నడిచి, ఆగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె చేపల చట్టి కడుగుతోంది. గోడకానుకుని నిలబడ్డాడు.

"మే. ఈపొద్దు నువ్వు పాడింది సరిగ్గానే ఉండింది," అన్నాడు.

"వాకిట్లో అట్ల చెప్పలేదే."

"తప్పయింది. ఇంకోసారి పాడు. ఆ నాలుగో చరణం. నేను ఈ బల్ల మీద ఉత్తవేళ్లు ఆడించుకుంటా."

ఆమె చట్టిని బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాకు శృతి తెలీదు గదా," అంది. ఆ మాటలో కోపం కూడా లేదు. ఆయన ఆ తర్వాత కూడా రెండుమూడుసార్లు అడిగాడు. ఆమె వేరే మాట చెప్పలేదు.

డిసెంబరు వానల్లో హెబ్రోనుకు జ్వరం వచ్చింది. నాలుగోరోజు పగలు రెండు గంటలకు, పక్కకు తిరిగి పడుకుంటున్నట్టే తిరిగి, పోయాడు. ఒక పెళ్లి రవికకు చేతులు కుట్టడం మిగిలిపోయింది.

సమాధుల తోటకు మైకుసెట్టు తీసుకురాలేదు. తడిసిపోతుందని దావీదు ఒప్పుకోలేదు. పాట ఎత్తుకోమని పాస్టరుగారు చెయ్యి ఊపితే, వెనకే పోవడానికి ఏమీ లేక సంఘం చెల్లాచెదురైంది. దావీదు ఒక శృతి, ఆడవాళ్లు ఒకటి, హాస్టలు పిల్లలు ఇంకొకటి. అందరూ బయటే తిరిగారు, ఇంటికి వచ్చినవాడు లేడు. రెండో చరణంలో అందరి కళ్లూ రెబెక్కమ్మ మీదికి తిరిగాయి. ఆమె గుంత అంచున, పెట్టె వైపు చూస్తూ నిలబడి ఉంది. పెదాలు ఆడిస్తోంది. దగ్గరగా ఉన్నవాళ్లు చెవి ఒగ్గి విన్నారు. గొంతు లేదు.

ఇంట్లో కుట్టుమిషను బల్ల మీద, ఆ ఆదివారం పెట్టినచోటే ఉన్న సున్నపు సంచి వానాకాలమంతా చెమ్మ పీల్చుకుని ఉబ్బి, హెబ్రోను ఆఖరున కుట్టిన నాలుగో వైపు కుట్టు పిగిలి, తెల్లటి పిండిని సన్నగా బల్ల మీదికి వదులుతూ ఉంది.